రెసిడెంట్ కమాండ్లు: ఫ్లాపీల కాలపు ఇంటి కంప్యూటర్లలో

ఒకసారి డిస్క్ నుంచి మెమరీలోకి ఎక్కాక, పని అయిపోయినా దిగిపోకుండా అక్కడే ఉండి, మళ్లీ పిలిచినప్పుడు డిస్క్ ఊసు లేకుండా పలికే కమాండ్‌ను రెసిడెంట్ కమాండ్ అంటారు. 1980ల ఇంటి కంప్యూటర్లలో ఈ ఏర్పాటు రకరకాల రూపాల్లో కనిపిస్తుంది. కొన్నిటిలో తయారీదారులే ఏ కమాండ్లు మెమరీలో ఉండాలో నిర్ణయించి ఇచ్చారు. ఆ నిర్ణయాన్ని వాడేవాడి చేతికే అప్పగించిన యంత్రాల్లో ప్రసిద్ధమైనది కమొడోర్ అమిగా. 1988లో వచ్చిన దాని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వర్క్‌బెంచ్ 1.3లో 'రెసిడెంట్' పేరుతోనే ఒక కమాండ్ ఉండేది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే. ఓఎస్-9, సీపీ/ఎం, ఎంఎస్-డాస్, బీబీసీ మైక్రోలు ఇదే చిక్కును ఎలా విప్పుకున్నాయో, కడియం, రాజమండ్రి వంటి చోట్ల కంప్యూటర్ నేర్చుకున్న తెలుగువారికి ఇది ఏ రూపంలో ఎదురైందో కూడా ఇందులో ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చింది

అమిగా 1000ను 1985 జులై 23న న్యూయార్క్‌లో విడుదల చేశారు. 256 కిలోబైట్ల మెమరీ, సుమారు 7 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే మోటరోలా 68000 ప్రాసెసర్, 880 కిలోబైట్లు పట్టే మూడున్నర అంగుళాల ఫ్లాపీ దాని సరంజామా. 1987లో వచ్చి ఇళ్లలోకి బాగా వెళ్లిన అమిగా 500లో మెమరీ 512 కిలోబైట్లు. ఒకేసారి పలు ప్రోగ్రాములు నడపగలగడం ఆ ధరలో అప్పటికి పెద్ద విషయం. కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఎగ్జెక్ అనే కెర్నెల్ ఆ పని చూసేది. ఫైళ్లూ కమాండ్లూ చూసే భాగం మాత్రం వేరే ఇంటి నుంచి వచ్చింది. మొదట అనుకున్న డిస్క్ వ్యవస్థ సమయానికి సిద్ధం కాకపోవడంతో, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ రిచర్డ్స్ బృందం 1970లలో రూపొందించిన ట్రైపోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బ్రిస్టల్‌లోని మెటాకామ్‌కో సంస్థ అమిగాకు మలిచి ఇచ్చింది. అదే అమిగాడాస్. రిచర్డ్స్ సృష్టించిన బీసీపీఎల్ భాషలోనే అది రాసి ఉండేది.

ట్రైపోస్ సంప్రదాయం ప్రకారం అమిగాలో దాదాపు ప్రతి కమాండూ ఒక విడి ప్రోగ్రామ్. డైరెక్టరీ చూపే డిర్, ఫైలు నకలు తీసే కాపీ, పేరు మార్చే రీనేమ్, చివరికి తెరమీద ఒక వాక్యం పడేసే ఎకో కూడా డిస్క్ మీద సి: అనే డైరెక్టరీలో ఫైలుగా ఉండేవి. పెద్ద యంత్రాలకు ఇది చక్కటి పద్ధతి. కొత్త కమాండ్ కావాలంటే ఒక ఫైలు పడేస్తే చాలు, కమాండ్లను అందుకునే షెల్‌ను కదపక్కర్లేదు. ఒకే ఫ్లాపీ డ్రైవ్ ఉన్న ఇంటి యంత్రంలో మాత్రం ఇదే నరకం. నీ ఫైళ్లున్న ఫ్లాపీ పెట్టుకుని డిర్ అని కొడితే, వర్క్‌బెంచ్ డిస్క్ పెట్టమని తెరమీద ఒక పెట్టె వస్తుంది. ఆ డిస్క్ పెడితే డిర్ ప్రోగ్రామ్ ఎక్కుతుంది, ఎక్కి వర్క్‌బెంచ్ డిస్క్‌లో ఏముందో చూపిస్తుంది. నీకు కావలసింది అది కాదు కదా! అందుకే డిస్క్ పేరు కూడా చేర్చి కొట్టి, మళ్లీ ఫ్లాపీలు మార్చాలి.

డిస్క్ డ్రైవ్‌లోనే ఉన్నా కాలయాపన తప్పదు. అమిగా ఫ్లాపీలో 80 సిలిండర్లు, రెండు పక్కలు, ట్రాక్‌కు 11 సెక్టార్లు. డైరెక్టరీల చిట్టా మొదలయ్యే రూట్ బ్లాక్ సరిగ్గా నడిమధ్యన, 880వ బ్లాకులో ఉంటుంది. ఒక కమాండ్‌ను ఎక్కించాలంటే హెడ్ అక్కడికి వెళ్లి సి: ఎక్కడుందో చూడాలి. ఆపైన సి: బ్లాకు చదివి ఫైలు హెడర్ ఎక్కడుందో తెలుసుకోవాలి. హెడర్ చదివాక గానీ అసలు సరుకు దగ్గరికి చేరదు. పాత ఫైల్ సిస్టమ్‌లో 512 బైట్ల బ్లాకులో 24 బైట్లు లెక్కాచారానికే పోయి 488 బైట్లు మాత్రమే సరుకు. అంతా చదివాక కూడా ఇంకో పని మిగులుతుంది. అమిగాలో ప్రోగ్రామ్‌కు స్థిరమైన చిరునామా లేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఎక్కుతుంది కాబట్టి, లోడ్‌సెగ్ అనే రొటీన్ లోపలి చిరునామాలన్నిటినీ ఆ చోటుకు తగ్గట్టు సవరించాలి. చాలా కమాండ్లు కొన్ని కిలోబైట్లే అయినా, ప్రతి పిలుపుకూ ఈ తతంగమంతా జరిగేది.

ఒక్కొక్క కమాండ్ చేత్తో కొట్టేవాడు ఈ ఆలస్యాన్ని భరిస్తాడు. స్క్రిప్టులు రాసేవాడికే నడ్డి విరుగుతుంది. కడియం నర్సరీవాళ్ల మొక్కల జాబితా ఒకటి అమిగాలో ఉందనుకుందాం. మొక్కకో ఫైలు, మొత్తం ఇరవై ఫైళ్లు. ఫైలు ఉంటే దాన్ని ఇంకో డిస్క్‌కు నకలు తీసే స్క్రిప్టులో మొక్కకు మూడు వరుసలు పడతాయి: ఇఫ్, కాపీ, ఎండ్‌ఇఫ్. పాత వెర్షన్లలో ఇఫ్, ఎండ్‌ఇఫ్ కూడా సి: లో ఉన్న ఫైళ్లే. అంటే మందారం నుంచి బోగన్‌విలియా దాకా ఇరవై మొక్కలకు అరవై సార్లు కమాండ్లు ఎక్కించుకోవాలి. ఇందులో ఎండ్‌ఇఫ్ చేసే పని ఏమీ లేదు. షరతు ముగిసిందని గుర్తుగా ఉండటమే దాని ఉద్యోగం. ఏమీ చేయకుండా ఉండటానికి డిస్క్ గిర్రున తిరిగి, హెడ్ అటూ ఇటూ పరుగెత్తి ఒక ప్రోగ్రామ్‌ను మోసుకురావడం కంప్యూటర్ల చరిత్రలో ఉన్న చిన్న వింతల్లో ఒకటి.

మొదటి ఉపాయం: ర్యామ్ డిస్క్

1.3 రాకముందు అందరూ పట్టిన దారి ర్యామ్ డిస్క్. మెమరీలో కొంత భాగాన్ని డిస్క్‌లా చూపించే ర్యామ్: అనే పరికరం అమిగాలో ముందునుంచీ ఉంది. తరచూ వాడే కమాండ్లను అందులోకి నకలు తీసుకుని, సి: అంటే ఇక ఫ్లాపీ కాదు, ర్యామ్: లోని డైరెక్టరీ అని అసైన్ కమాండ్‌తో చెప్పేవారు. ఫ్లాపీ మార్పిడి బాధ తప్పేది, వేగమూ వచ్చేది.

మెమరీ ఖర్చు మాత్రం రెట్టింపు. ర్యామ్ డిస్క్‌లో ఉన్నది ఫైలే గానీ నడిచే ప్రోగ్రామ్ కాదు. పిలిచినప్పుడల్లా లోడ్‌సెగ్ దాన్ని మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్లీ నకలు తీసి, చిరునామాలు సవరించి నడిపేది. రెండు షెల్ కిటికీల్లో ఒకే కమాండ్ నడుస్తుంటే మూడు ప్రతులన్నమాట. వర్క్‌బెంచ్ తెర ఒక్కటే (640 గుణకారం 256 చుక్కలు, నాలుగు రంగులు) 40 కిలోబైట్లు మింగేసే 512 కిలోబైట్ల యంత్రంలో ఇది చిన్న విషయం కాదు. 1.3తో వచ్చిన రాడ్: అనే ర్యామ్ డిస్క్ యంత్రాన్ని రీసెట్ చేసినా చెరిగిపోదు, దాని నుంచే బూట్ కావచ్చు కూడా. అంత సుఖానికి అంత మెమరీని ముందే కేటాయించి పక్కన పెట్టుకోవాలి. ఇంకో దారి యాడ్‌బఫర్స్. ఇటీవల చదివిన డిస్క్ బ్లాకులను మెమరీలో అట్టేపెట్టే ఈ కమాండ్ ముప్పై బఫర్లకు సుమారు 15 కిలోబైట్లు తీసుకునేది. డైరెక్టరీ వెతుకులాట తగ్గించడానికి ఇది అక్కరకొచ్చింది. ఫ్లాపీ మార్చగానే ఆ బ్లాకులకు విలువ లేదు.

రెసిడెంట్ ఎలా పనిచేస్తుంది

వర్క్‌బెంచ్ 1.3 అప్పటిదాకా కమాండ్లు అందుకున్న పాత సీఎల్ఐ పక్కన కొత్త షెల్‌ను తెచ్చింది. కొట్టిన వరుసను సవరించుకోవడం, పాత వరుసలను వెనక్కి పిలవడం, మారుపేర్లు పెట్టుకోవడం అందులో కొత్తవి. రెసిడెంట్ జాబితా వాటితోపాటే వచ్చింది. రెసిడెంట్ సి:కాపీ అని కొడితే ఆ ప్రోగ్రామ్‌ను ఒక్కసారి చదివి, చిరునామాలు సవరించి, నడవడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో మెమరీలో ఉంచి, పేరును జాబితాలో రాసుకుంటుంది. ఆ తర్వాత కాపీ అని కొడితే షెల్ ముందుగా ఈ జాబితాను చూస్తుంది. అక్కడ లేకపోతేనే ప్రస్తుత డైరెక్టరీ, ఆపైన పాత్‌లో పేర్కొన్న చోట్లు, చివరగా సి:. జాబితాను దాటవేసి డిస్క్ మీది ప్రతినే నడపాలంటే సి:కాపీ అని పూర్తి చిరునామాతో పిలవాలి. డిస్క్ మీద కమాండ్‌ను కొత్త వెర్షన్‌తో మార్చినా మెమరీలోది పాతదే పలుకుతూ ఉంటుంది. మళ్లీ రెసిడెంట్ కొడితే గానీ అది మారదు. తీసేయడానికి రిమూవ్.

జాబితాలో ప్రతి పేరు పక్కన ఒక లెక్క ఉంటుంది, ప్రస్తుతం ఆ ప్రతిని ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్క. అది సున్నా అయితేనే తీసివేత కుదురుతుంది. లేకపోతే ఎవరో నడుపుతున్న ప్రోగ్రామ్ కింద నేల లాగేసినట్టే. వ్యవస్థ సొంత కమాండ్లకు ఈ లెక్క గడిలో రుణ సంఖ్యలు పెట్టారు: వ్యవస్థవి -1, షెల్‌లోనే ఇమిడి ఉన్నవి -2, వాడుక ఆపేసినవి -999. ఆ చివరి సంఖ్యను ఎంచుకున్న ప్రోగ్రామర్‌కు కాస్త కొంటెతనం ఉన్నట్టుంది.

1.3 బూట్ అయ్యే తీరు చూస్తే ఈ ఏర్పాటును పాత ఇంటికి కొత్త గదిలా అతికించారని తెలిసిపోతుంది. యంత్రం మొదట లేచేది పాత సీఎల్ఐలో. దానికి రెసిడెంట్ జాబితా అంటే ఏమిటో తెలియదు. అందుకని స్టార్టప్ స్క్రిప్టు ముందుగా షెల్ కోడ్‌ను వ్యవస్థ జాబితాలో చేరుస్తుంది. తరువాత స్క్రిప్టులను నడిపే ఎగ్జిక్యూట్ కమాండ్‌ను రెసిడెంట్ చేసి, స్టార్టప్-టూ అనే రెండో స్క్రిప్టును పక్కన నడవమని వదిలి, అది అయ్యేదాకా తాను ఆగుతుంది. రెండో స్క్రిప్టు నడిచేది కొత్త షెల్‌లో కాబట్టి అక్కడ జాబితా పలుకుతుంది. ఆ స్క్రిప్టులో తొలి పని రెసిడెంట్ కమాండ్‌నే రెసిడెంట్ చేయడం. లేకపోతే తరువాత ప్రతి కమాండ్‌ను చేర్చడానికీ రెసిడెంట్‌ను డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.

ప్యూర్ అనే షరతు

ఒకే ప్రతిని ఇద్దరు ఒకేసారి నడపాలంటే ఆ ప్రోగ్రామ్ తన ఒంటిమీద తానేమీ రాసుకోకూడదు. ఊరందరికీ ఒకటే పంచాంగం ఉన్నప్పుడు ఎవరి లెక్క వారు తమ కాగితం మీద వేసుకోవాలి గానీ, పంచాంగం అంచుల్లో గీకితే తరువాత చూసేవాడి ముహూర్తం తప్పుతుంది. మామూలు ప్రోగ్రామ్‌లు అలా గీకేవే. వాటి గ్లోబల్ వేరియబుల్స్ ప్రోగ్రామ్‌తోపాటే ఎక్కే డేటా భాగంలో ఉంటాయి, నడుస్తూ నడుస్తూ ఆ విలువలను మారుస్తాయి. ప్రతిసారీ డిస్క్ నుంచి కొత్త ప్రతి ఎక్కుతుంటే ఇబ్బంది లేదు. మెమరీలో ఉండిపోయిన ప్రతినే మళ్లీ నడిపితే రెండు ప్రమాదాలు. మొదటిది, నిన్నటి విలువలు ఇవాళ్టి పరుగుకు మిగిలి ఉంటాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని నమ్మిన ప్రోగ్రామ్ పదిహేడు నుంచి మొదలవుతుంది. రెండోది, రెండు కిటికీల్లో ఒకేసారి నడిచినప్పుడు ఒకరి విలువను ఇంకొకరు తొక్కేస్తారు. అమిగాలో ప్రోగ్రామ్‌ల మధ్య మెమరీ గోడలు లేవు. అందుకే తొక్కిసలాట ఆ ఒక్క కమాండ్‌తో ఆగకుండా యంత్రాన్నే పడగొట్టేది.

మొదటి ప్రమాదం లేనిదాన్ని మళ్లీ నడపదగినదనీ, రెండోది కూడా లేనిదాన్ని రీ-ఎంట్రంట్ అనీ అంటారు. రెండు గుణాలూ ఉన్న ప్రోగ్రామ్‌ను అమిగాలో ప్యూర్ అన్నారు. ఫైలుకు చదవడం, రాయడం, నడపడం, చెరపడం వంటి అనుమతుల గుర్తుల పక్కనే పి అనే గుర్తు దీనికోసం ఉంది. రెసిడెంట్ ఆ గుర్తు ఉన్నదాన్నే ఒప్పుకుంటుంది. లేకపోయినా ఎక్కించి తీరాలంటే ప్యూర్ అనే మాట చేర్చి కొట్టాలి.

పి గుర్తు ఒక హామీ మాత్రమే, పరీక్ష కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ప్రొటెక్ట్ కమాండ్‌తో ఎవరైనా ఏ ఫైలుకైనా ఆ గుర్తు తగిలించవచ్చు. వ్యవస్థ నమ్మేస్తుంది. ఇందులో అలసత్వం ఉందని కొందరంటారు గానీ, మెమరీ రక్షణే లేని యంత్రంలో నిజాయితీని తనిఖీ చేసే దారి ఎలాగూ లేదు. బాధ్యతను దాచకుండా వాడేవాడి ముందు పెట్టడమే మేలైన పని.

ప్యూర్ ప్రోగ్రామ్ రాయడం అసెంబ్లీ తెలిసినవారికి కష్టం కాదు. మారే విలువలన్నీ స్టాక్ మీదో, అడిగి తెచ్చుకున్న మెమరీలోనో పెట్టుకుంటే సరి. సి భాషలో గ్లోబల్స్ అలవాటైనవారి కోసం లాటిస్ సి కంపైలర్ (తరువాత ఎస్ఏఎస్ సి అయింది) ఒక దారి చూపింది. దానితో వచ్చే ప్రత్యేకమైన స్టార్టప్ కోడ్ ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ డేటా భాగానికి ఒక తాజా ప్రతి తీసి, దాని చిరునామాను ప్రాసెసర్‌లోని ఏ4 రిజిస్టర్‌లో పెడుతుంది. ఆపైన గ్లోబల్స్ అన్నీ ఆ రిజిస్టర్ నుంచి ఎంత దూరమో లెక్కించి అందుకుంటారు. కోడ్ అందరిదీ, డేటా ఎవరిది వారిది. నేటి వ్యవస్థలు షేర్డ్ లైబ్రరీల్లో చేసేదీ ఇదే.

కమొడోర్ బయట కూడా ఈ దిశలో పని జరిగింది. చార్లీ హీత్ మొదలుపెట్టిన అమిగాడాస్ రీప్లేస్‌మెంట్ ప్రాజెక్ట్ బీసీపీఎల్ కమాండ్లను చిన్నగా తిరగరాసి ఉచితంగా పంచింది. ఏరెక్స్ భాషను రాసిన విలియం హాస్ తయారుచేసిన డబ్ల్యూషెల్ అనే షెల్ కూడా రెసిడెంట్ కమాండ్లను వాడేది.

షెల్‌లోకే ఇమిడిపోవడం

1990లో అమిగా 3000తో వచ్చిన 2.0 వ్యవస్థ బీసీపీఎల్‌ను వదిలించుకుంది. రామ్ (చదవడానికి మాత్రమే పనికొచ్చే, చెరగని ROM చిప్) 256 నుంచి 512 కిలోబైట్లకు పెరిగింది. ఆ చోటులోకి షెల్‌తోపాటు సీడీ, ఎకో, ఇఫ్, ఎల్స్, ఎండ్‌ఇఫ్, స్కిప్, పాత్, ప్రాంప్ట్, రన్, అలియాస్ వంటి చిన్న కమాండ్లూ వచ్చి చేరాయి. రెసిడెంట్ కూడా వాటిలో ఒకటైంది. ఏమీ చేయని ఎండ్‌ఇఫ్ కోసం డిస్క్ తిరగడం ఆ రోజుతో ఆగింది. అసైన్, కాపీ, లిస్ట్ లాంటి పెద్దవి డిస్క్ మీదే మిగిలాయి. అందుకే 2.0 తరువాతి స్టార్టప్ స్క్రిప్టులు అసైన్, ఎగ్జిక్యూట్‌లను మొదట్లో రెసిడెంట్ చేసి, పని అయ్యాక తీసేసేవి. మరికొన్నాళ్లకు హెచ్ అనే ఇంకో గుర్తు కూడా వాడుకలోకి వచ్చింది. పి తోపాటు అదీ ఉంటే మొదటిసారి నడిచినప్పుడే కమాండ్ తనంతట తాను జాబితాలో చేరిపోతుంది.

హార్డ్ డిస్క్ ఉన్నవారికి అప్పటికే రెసిడెంట్ అత్యవసరం కాదు, అలవాటు. కమొడోర్ 1994 ఏప్రిల్‌లో దివాలా తీసింది.

ఇతర యంత్రాల దారులు

అమిగా కంటే ముందే ఈ సంగతిని నిర్దుష్టంగా పరిష్కరించినది మైక్రోవేర్ సంస్థ ఓఎస్-9. ఈ పేరున్న యాపిల్ వ్యవస్థతో దీనికి సంబంధం లేదు. మోటరోలా 6809 ప్రాసెసర్ కోసం పుట్టిన ఈ వ్యవస్థ టాండీ కలర్ కంప్యూటర్ ద్వారా అమెరికా ఇళ్లకు చేరింది. అందులో ప్రతి ప్రోగ్రామూ ఒక మాడ్యూల్. ఏ చిరునామాలో పెట్టినా నడవాలి, రీ-ఎంట్రంట్‌గా ఉండాలి అన్నవి అక్కడ మొదటినుంచీ నియమాలు. మాడ్యూల్ చెడిపోలేదని చూసుకోవడానికి చివర సీఆర్‌సీ కూడా ఉంటుంది. లోడ్ అంటే మెమరీలో నిలుస్తుంది, ఎండిర్ అంటే ఎవరెవరున్నారో చూపిస్తుంది, అన్‌లింక్ అంటే లెక్క తగ్గి చివరికి దిగిపోతుంది. ప్యూర్ హామీని వాడేవాడి మీద వదలకుండా రచనా నియమంగా మార్చిన పద్ధతి ఇది. నా దృష్టిలో అమిగా పద్ధతి కంటే ఇదే శుభ్రమైనది.

దీని కష్టం దీనికుంది. కలర్ కంప్యూటర్ 3లో నడిచిన లెవల్ టూ ఓఎస్-9 మెమరీని 8 కిలోబైట్ల దిమ్మలుగా పంచేది. అర కిలోబైట్ కమాండ్‌ను విడిగా లోడ్ చేసినా దాని పేరిట ఒక దిమ్మ మొత్తం పోయేది. అందుకని వాడేవారు చిన్న కమాండ్లన్నిటినీ మెర్జ్‌తో ఒకే ఫైలుగా కలిపి, 8 కిలోబైట్లకు సరిపడా కట్ట కట్టి ఎక్కించేవారు. షెల్ ఫైలే అలా మరికొన్ని కమాండ్లను వెంటేసుకుని వచ్చేది.

సీపీ/ఎం దారి వేరు. డిర్, ఈరా, రెన్, టైప్ లాంటి అయిదారు కమాండ్లు షెల్‌లోనే ఉండేవి, మిగతావి డిస్క్ నుంచి వచ్చి పోయేవి. ఏవి లోపల, ఏవి బయట అన్నది దాని సృష్టికర్త గ్యారీ కిల్డాల్ తేల్చాడు, వాడేవాడికి ఎంపిక లేదు. ఎంఎస్-డాస్ ఆ అలవాటునే కొనసాగించింది. యునిక్స్‌లో 1974 నాటి అయిదో ఎడిషన్‌లోనే స్టికీ బిట్ ఉంది. అది ఉన్న ప్రోగ్రామ్ కోడ్ భాగం పని ముగిసినా స్వాప్ ప్రాంతంలో నిలిచేది. ప్యూర్ అన్న ఊహ అక్కడా కీలకమే.

తెలుగునాట

మన దగ్గర కంప్యూటర్ నేర్పింది అమిగా కాదు. బడి పిల్లలకు తొలి యంత్రం బీబీసీ మైక్రో. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద దేశంలో మొదట 250 బడులకు ఆ యంత్రాలు వెళ్లాయి. 32 కిలోబైట్ల మెమరీలో కమాండ్లను కూర్చోబెట్టే చోటు ఎక్కడిది? అందుకని దాన్ని తయారుచేసిన ఆకార్న్ సంస్థ కమాండ్లను రామ్ చిప్‌లలోనే పెట్టింది. నక్షత్రపు గుర్తుతో మొదలయ్యే కమాండ్ కొడితే ఆపరేటింగ్ సిస్టమ్ ముందు తనలో చూసుకుని, తెలియకపోతే 'ఇది మీలో ఎవరిదైనా ఉందా' అని ఒక్కో రామ్‌నూ అడుగుతుంది. డిస్క్ వ్యవస్థే ఒక రామ్. కరెంటు పోయి వచ్చినా కమాండ్లు ఎక్కడికీ పోవు. వేసవి కోతలు తెలిసిన ఊళ్లకు ఇదే నిజమైన రెసిడెంట్ అనిపిస్తుంది.

కరెంటు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. పాత మినీ కంప్యూటర్ల కోర్ మెమరీ కరెంటు లేకపోయినా విలువలను నిలుపుకునేది. దేశంలో తొలి వాణిజ్య డిజిటల్ కంప్యూటర్‌గా పేరున్న టీడీసీ-12ను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లో తయారుచేసింది. అది కోర్ మెమరీ తరం. తరువాతి సెమీకండక్టర్ ర్యామ్ చవకైంది, వేగంగానూ ఉంది, కానీ కరెంటు పోతే ఖాళీ. అమిగా రెసిడెంట్ జాబితా కూడా అంతే, రీసెట్ కొడితే మళ్లీ మొదటినుంచి.

కాకినాడ, రాజమండ్రి ఇన్‌స్టిట్యూట్లలో 1990ల తొలినాళ్లలో చేరినవారికీ, కడియం స్టేషన్‌లో రైలెక్కి వెళ్లి చదువుకున్నవారికీ, ఈ సంగతి డాస్ రూపంలోనే తెలుసు. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ కమాండ్లకు తేడా రాయమన్న ప్రశ్న పరీక్షల్లో ఎన్నేళ్లు తిరిగిందో చెప్పలేం. డిర్, కాపీ, టైప్, సీఎల్ఎస్ ఇంటర్నల్. ఫార్మాట్, చెక్‌డిస్క్, డిస్క్‌కాపీ ఎక్స్‌టర్నల్. జవాబు కంఠతా వచ్చినవారిలో కూడా ఇంటర్నల్ కమాండ్లు ఎప్పుడూ మెమరీలోనే ఉంటాయనుకునేవారు ఎక్కువ. అది సగమే నిజం. కమాండ్.కామ్‌లో చిన్న భాగం మాత్రమే ఎప్పుడూ కింది మెమరీలో ఉంటుంది. డిర్, కాపీలున్న పెద్ద భాగం మెమరీ పైకొసన కూర్చుంటుంది, పెద్ద ప్రోగ్రామ్ వస్తే దానికి చోటిచ్చి చెరిగిపోతుంది. ప్రోగ్రామ్ ముగిశాక కింది భాగం చెక్‌సమ్ చూసి, పైది పాడైందని తేలితే డిస్క్ నుంచి మళ్లీ తెచ్చుకుంటుంది. రెండు ఫ్లాపీ డ్రైవుల ఎక్స్‌టీ యంత్రంలో వర్డ్‌స్టార్ నుంచి బయటికి వచ్చినప్పుడు కమాండ్.కామ్ ఉన్న డిస్క్‌ను ఏ డ్రైవ్‌లో పెట్టమని తెర అడిగేది ఇందుకే. హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ఇదంతా చప్పుడు లేకుండా జరిగిపోయేది, కాబట్టి తెలిసే అవకాశం లేదు.

డాస్‌లో 'టెర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్' ప్రోగ్రాములు కూడా ఉండేవి. పొట్టిగా టీఎస్‌ఆర్. పేరు దగ్గరగా ఉన్నా వీటి స్వభావం వేరు. అమిగా రెసిడెంట్ కమాండ్ ఎవరైనా పిలిచేదాకా కదలదు. టీఎస్‌ఆర్ కీబోర్డ్ ఇంటరప్ట్‌ను పట్టుకుని కాపలా కాస్తూ, తన మీట నొక్కగానే నడుస్తున్న ప్రోగ్రామ్ మీదికి వచ్చి కూర్చుంటుంది. 1984లో బోర్లాండ్ తెచ్చిన సైడ్‌కిక్ వీటిలో పేరుపొందింది. రెండు మూడు టీఎస్‌ఆర్‌లు ఒకే ఇంటరప్ట్ కోసం పడి కొట్టుకుంటే యంత్రం బిగుసుకుపోయేది. 640 కిలోబైట్లలో వీటికి పోగా మిగిలినదే అసలు పనికి. 1991లో వచ్చిన డాస్ 5.0 లోడ్‌హై కమాండ్‌తో వీటిని పై మెమరీకి తరలించే వీలు కల్పించింది. ఆ తరువాత కాన్ఫిగ్.సిస్‌ను దిద్దుకుంటూ ఒక్కో కిలోబైట్‌ను కూడబెట్టడం ఒక విద్య అయిపోయింది.

డాస్‌లో తెలుగు కోసం సీ-డాక్ జిస్ట్ కార్డు మెమరీ మోతను తప్పించడానికి బీబీసీ దారిలాంటిదే పట్టింది. లిపికి కావలసిన పనిని పీసీ లోపల అమర్చే విడి కార్డు చూసుకునేది. వర్డ్‌స్టార్, డీబేస్ వంటి మామూలు టెక్స్ట్ ప్రోగ్రాములలోనే తెలుగు కొట్టుకోగలిగేవారు.

ఇప్పుడు

నేటి లినక్స్, విండోస్‌లలో రెసిడెంట్ అన్న కమాండ్ కనిపించదు, అవసరమూ లేదు. ఒకసారి చదివిన ఫైలు పేజీలు మెమరీ ఖాళీగా ఉన్నంతసేపు కెర్నెల్ కాష్‌లో ఉంటాయి. ఒకే ప్రోగ్రామ్‌ను పదిమంది నడిపినా కోడ్ పేజీలు ఒక్కటే. ప్రాసెసర్‌లోని మెమరీ గోడ రాతలను అడ్డుకుంటుంది కాబట్టి ప్యూర్ హామీని అడగనక్కర్లేదు. చిన్న కమాండ్లను ఒకే ఫైలులో కలిపే అలవాటు మాత్రం బతికే ఉంది. బ్రూస్ పెరెన్స్ 1995లో డెబియన్ బూట్ ఫ్లాపీ కోసం రాసిన బిజీబాక్స్ అలాంటిదే, ఇప్పుడది ఎన్నో వైఫై రౌటర్లలో ఉంది. అమిగా వంశంలో ఆరోస్, మార్ఫ్‌ఓఎస్‌లతోపాటు 2021లో వచ్చిన అమిగా ఓఎస్ 3.2లోనూ రెసిడెంట్ కొనసాగుతోంది.

పాత యంత్రం లేకుండా ఇదంతా చూడాలనుకునేవారు ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎస్-యూఏఈ లేదా విన్‌యూఏఈ ఎమ్యులేటర్ పెట్టుకోవచ్చు. ఎమ్యులేటర్‌కు కావలసిన అమిగా కిక్‌స్టార్ట్ రామ్‌లను క్లోయాంటో సంస్థ లైసెన్సుతో అమ్ముతుంది, ఉచితంగా కావాలంటే ఆరోస్ రామ్ ఉంది. ఫ్లాపీ వేగాన్ని టర్బోలో పెడితే తేడా ఏమీ తెలియదు. 100 శాతం వేగంలో, ఒకే డ్రైవ్‌తో, 512 కిలోబైట్ల అమిగా 500ను ఎంచుకుని, వర్క్‌బెంచ్ 1.3తో పై మొక్కల స్క్రిప్టును ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఇఫ్, కాపీ, ఎండ్‌ఇఫ్‌లను రెసిడెంట్ చేసి నడపాలి. ముందుగా లిస్ట్ కొట్టి వాటికి పి గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. లేనిదాన్ని బలవంతాన ఎక్కిస్తే ఏమవుతుందో చూడటానికి కూడా ఎమ్యులేటరే తగిన చోటు.